యంత్రశిల్పి జి. డి. నాయుడు

పాఠశాలలలో చదివి, పరీక్షలలో నెగ్గి, పట్టభద్రులై కీర్తి గడించినవారు మన దేశమున పెక్కుమంది కలరు. బడి విడిచి, యంత్రములనే గురువులుగా భావించి, చేతిపని వలననే శాస్త్రజ్ఞుల మెప్పు పొందినవారు మాత్రము మిక్కిలి అరుదు. అట్టివారిలో కోయంబత్తూరు నగరవాసియైన జి. డి. నాయుడుగారు అగ్రగణ్యులు. ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. తమిళ సీమలో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబము వారిది. ఊరి భాష తమిళమైనను ఇంటి భాష తెలుగే. భారతదేశపు ఎడిసన్ అని ఆయనను జనులు ప్రేమతో పిలిచిరి.

దొరస్వామి 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు సమీపమున నున్న కలంగల్ గ్రామమున జన్మించెను. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. దొరస్వామి పసివాడై యుండగనే తల్లి మరణించెను. తల్లిలేని ఆ బిడ్డను మేనమామ చేరదీసి పెంచెను. యుక్తవయస్సున బాలుని బడికి పంపిరి. కాని వానికి బడి యన్న గిట్టలేదు. ఒకచోట కూర్చుండి పాఠము వల్లించుట వానికి శిక్షగా తోచెడిది. దండింపవచ్చిన ఉపాధ్యాయుని మొగముపై ఇసుక చల్లి పారిపోయెనని చెప్పుదురు. ఇది మెచ్చదగిన పని కాదు. చదువుపై ఆసక్తి లేకున్నను గురువును అవమానించుట తప్పే. ఏమైననేమి, మూడవ తరగతితోనే దొరస్వామి బడిచదువు ముగిసెను.

బడి ముగిసినను తెలుసుకొనవలెనను కోరిక ముగియలేదు. అతడు పొలమున పని చేయుచు, తీరిక వేళలలో తమిళ గ్రంథములు తెచ్చుకొని తనంత తానే చదువుకొనెను. ఏ వస్తువు కంటబడినను అది ఎట్లు చేయబడెను, ఎట్లు పనిచేయుచున్నది అని ఆలోచించుట అతనికి స్వభావమయ్యెను.

ఒకనాడు రెవిన్యూశాఖకు చెందిన ఆంగ్లేయ అధికారి యొకడు మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. అది ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున తయారైన రడ్జి అను వాహనము. ఎద్దులబండ్లు, గుఱ్ఱపుబండ్లు తప్ప అన్యమెరుగని పల్లెలో ఆ వాహనము గొప్ప వింత. గ్రామస్థులు దాని చప్పుడు విని తొలగి నిలిచిరి. దొరస్వామి మాత్రము దాని చెంతకు పోయెను. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, త్రొక్కువాడును లేడు. ఇది యెట్లు పరుగెత్తుచున్నది? ఈ ప్రశ్న ఆ యువకుని మనస్సును పట్టుకొని మరి విడువలేదు. ఆ వాహనమును ఎట్లయినను కొనవలెనని అతడు నిశ్చయించుకొనెను.

చేతిలో ధనము లేదు. అందుచే అతడు ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక భోజనశాలలో వడ్డనపనికి కుదిరెను. ఎంగిలి విస్తళ్ళు తీయుటకును, బల్లలు తుడుచుటకును సిగ్గుపడలేదు. రూపాయి వెంట రూపాయి చేర్చుచు కొన్ని సంవత్సరములు ఓపికతో గడపెను. తగినంత సొమ్ము పోగుపడిన పిమ్మట ఆ అధికారి యొద్దకు పోయి మోటారు సైకిలును కొనెను.

మరియొక యువకుడైనచో దానినెక్కి వీధులవెంట తిరిగి స్నేహితుల మెప్పు పొంది తృప్తి చెందెడివాడు. దొరస్వామి అట్లు చేయలేదు. మరలన్నియు విప్పి, ఒక్కొక్క భాగమును నేలపై పరచి, దేని పని యేమో పరిశీలించెను. తిరిగి బిగించెను, మరల విప్పెను. ఆ యంత్రమే అతనికి పాఠశాల, దాని భాగములే పాఠ్యగ్రంథములు.

అతడు నేర్చుకొన్న దేమో మనమును కొంత తెలిసికొందము. పెట్రోలు యంత్రమునకు గుండెవంటిది సిలిండరు అను ఇనుపగొట్టము. దానిలో పిస్టను అను బిరడా వంటి భాగము క్రిందికిని పైకిని ఆడుచుండును. మొదట పిస్టను క్రిందికి దిగి, పెట్రోలు ఆవిరి కలసిన గాలిని లోనికి పీల్చును. తరువాత పైకి లేచి ఆ గాలిని గట్టిగా అదుమును. అప్పుడొక విద్యుత్ మెరుపు తగులగనే ఆ మిశ్రమము భగ్గున మండి వ్యాకోచించి పిస్టనును బలముగా క్రిందికి త్రోయును. నాలుగవమారు పిస్టను పైకి వచ్చి కాలిన పొగను వెలికి నెట్టును. ఈ నాలుగు పనులు నిమిషమునకు వందలమారులు జరుగుచుండుటచే చక్రములు తిరుగును. చిన్న మోటారు సైకిలైనను, పెద్ద బస్సైనను, పందెపు కారైనను పెట్రోలుతో నడచునపుడు సాధారణముగా ఈ సూత్రము మీదనే నడచును. ఒక యంత్రమును నిజముగా గ్రహించినవాడు వేయి యంత్రములను గ్రహింపగలడు. దొరస్వామికి ఈ సత్యము తొలియౌవనముననే బోధపడెను.

పిమ్మట అతడు ప్రత్తి వ్యాపారమున ప్రవేశించెను. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పిల్లలకు ప్రత్తి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నల్లరేగడి నేలలలో ప్రత్తి పండుట, బండ్లకెత్తి ఆదోని బజారునకు తెచ్చుట, జిన్నింగు మిల్లులలో గింజను దూదిని వేరుచేయుట వారికి నిత్యము కనబడు విషయములే. కోయంబత్తూరు సీమయు అట్టిదే. 1914 మొదలు 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధకాలమున నాయుడు తిరుప్పూరులో ప్రత్తి మిల్లు నడపి మంచి లాభములు గడించెను. లాభము మనుష్యునకు ధైర్యమునిచ్చును. ఒక్కొక్కప్పుడు వివేకమును హరించును. అతడు ఇంకను గొప్ప వ్యాపారము చేయవలెనని బొంబాయి నగరమునకు వెళ్ళెను. అచ్చటి ప్రత్తి బజారు యంత్రము వంటిది కాదు. విప్పి చూచిన అర్థమగునది కాదు. ధరలు తలక్రిందులై, గడించిన ధనమంతయు పోయెను. రిక్తహస్తములతో అతడు కోయంబత్తూరునకు తిరిగివచ్చెను.

ధనము పోయినను చేతిలోని విద్య పోలేదు. ఆ నగరమున రాబర్టు స్టేన్సు అను ఆంగ్లేయ వర్తక ప్రముఖుడుండెను. కాఫీ తోటలు, మిల్లులు, మోటారు వ్యాపారము ఆయనకు కలవు. ఆయన నాయుడుగారి నేర్పును, పట్టుదలను గుర్తించి, ఒకరి క్రింద కొలువు చేయుటకంటె స్వయముగా ఒక బస్సు నడుపుట మేలని సలహా చెప్పి, బస్సు కొనుటకు ధనసహాయము చేసెను. 1920వ సంవత్సరమున నాయుడుగారు ఆ బస్సును పొల్లాచి, పళని పట్టణముల నడుమ నడపసాగిరి. యజమాని ఆయనే, డ్రైవరు ఆయనే, మరమ్మతు చేయువాడును ఆయనే.

ఒక్క బస్సు వలన ఏమగునని తోచవచ్చును. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు గాని, మంత్రాలయ యాత్రకు గాని జనులు ఎట్లు తరలివచ్చుచుందురో తలచుకొనుడు. పళనియు అట్టి పుణ్యక్షేత్రమే. కుమారస్వామి దర్శనార్థము దూరప్రాంతములనుండి యాత్రికులు అచ్చటికి వచ్చుచుందురు. బండ్లపై దినమంతయు సాగు ప్రయాణము బస్సుపై కొలది గంటలలో ముగియుట వారికి గొప్ప మేలయ్యెను. యాత్రికునకే కాదు, రైతునకును, వర్తకునకును అంతియే. ఆదోనిలో ప్రత్తి అమ్మువానికిని, ఎమ్మిగనూరులో మగ్గముపై వస్త్రము నేయువానికిని, సరకు వేళకు చేరినప్పుడే కష్టమునకు ఫలము దక్కును. రోడ్డుపై బస్సు తిరిగిన పల్లెకు బజారు దగ్గరయగును, ఆసుపత్రి దగ్గరయగును, బడి దగ్గరయగును.

నాయుడుగారు నిలిపిన సంస్థ పేరు యూనివర్సల్ మోటారు సర్వీసు. జనులు దానిని యు. ఎం. ఎస్. అనెడివారు. ఒక్క బస్సుతో ఆరంభమైన ఆ సంస్థ కొలదికాలముననే దక్షిణదేశమున పేరెన్నికగన్న బస్సు సంస్థలలో ఒకటియయ్యెను. ఆయన కాలపాలన విషయమున మిక్కిలి పట్టుదల కలవారు. బస్సు దారిలో చెడిపోయిన పిదప బాగుచేయుటకంటె, చెడకుండ ముందే పరీక్షించుట మేలని ఆయన సిద్ధాంతము. ఇందుకై సొంత మరమ్మతు శాలలు ఏర్పరచి, పనివారికి తామే పని నేర్పిరి. నూనె మరకలు పడిన చేతులను చూచి ఆయన యెన్నడును సిగ్గుపడలేదు.

సంస్థ స్థిరపడిన పిమ్మట నాయుడుగారు విదేశయాత్రలు చేసిరి. యూరపు ఖండమున ఆయన రాజభవనములకంటె కర్మాగారములనే ఎక్కువ శ్రద్ధతో చూచిరి. స్వదేశమునకు వచ్చి తాము చూచినవానికి మారురూపములు కాక, క్రొత్త పరికరములు కల్పింపసాగిరి. బ్యాటరీతో నడచు గడ్డము గీయు యంత్రము వారి కల్పనలలో ప్రసిద్ధమైనది. దానికి రసాంట్ అని పేరిడిరి. మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావులేని ఓట్లు నమోదుచేయు యంత్రము, సినిమా కెమెరాకు దూరము సరిచూచు పరికరము మున్నగునవి మరికొన్ని. 1941లో ఐదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకే మన దేశమున తయారుచేయగలమని ఆయన ప్రకటించిరి. ధనికుల యిండ్లలో అలంకారముగానున్న వస్తువు సామాన్యుని యింటికి చేరవలెననుటయే వారి ఆశయము.

ఆయన చేసిన పనులలో రైతులకు మిక్కిలి మేలు కూర్చినది విద్యుత్ మోటారు. 1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్కేంద్రము పనిచేయసాగెను. కోయంబత్తూరు సీమకు విద్యుచ్ఛక్తి వచ్చెను. కాని విద్యుత్తు తీగలో నుండిన లాభమేమి? దానిని చక్రపు తిరుగుడుగా మార్చు మోటారు కావలెను. ఆనాడు మోటార్లన్నియు విదేశములనుండి రావలసినవే. 1937లో నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును కలసి పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సు నందు భారతదేశపు మొట్టమొదటి విద్యుత్ మోటారును తయారుచేసిరి. తరువాత ఆ నగరమున మోటార్లు, పంపులు చేయు కర్మాగారములు ఒకదాని వెంట నొకటి లేచెను. కపిలతో ఎడ్లు రోజంతయు లాగిన నీటిని మోటారు స్వల్పకాలములో తోడివేయసాగెను. కోయంబత్తూరు మోటార్లు తెలుగుదేశపు మెట్టపొలముల బావులకును వచ్చెను.

1944లో నాయుడుగారు మోటారు సంస్థ పనులనుండి విరమించుకొని, తమ ధనమును పరిశోధనకును, పనివారి క్షేమమునకును, బీదల సహాయమునకును వినియోగింపనెంచిరి. వారి విరాళములతోను, కృషితోను ఆర్థరు హోప్ పేర కోయంబత్తూరులో పాలిటెక్నిక్కును, ఇంజనీరింగు కళాశాలయు ఏర్పడెను. మూడవ తరగతితో బడి విడిచిన ఆయన 1945లో ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండుట చిత్రమైన సంగతి. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు అనవసరముగా దీర్ఘమైనదనియు, చేతిపని ప్రధానముగా బోధించినచో రెండేండ్లు చాలుననియు వారి అభిప్రాయము. ప్రభుత్వము దాని నంగీకరింపలేదు. తాము నమ్మని పద్ధతిని నడపుట యిష్టములేక నాయుడుగారు ఆ పదవిని విడిచిరి. ఆ కళాశాలయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

నేలను నమ్మిన కుటుంబమున పుట్టినవారగుటచే వ్యవసాయమును ఆయన మరువలేదు. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై తమ తోటలో ప్రయోగములు చేసిరి. నోబెల్ బహుమానము పొందిన సర్ సి. వి. రామన్ వంటి మహాశాస్త్రజ్ఞుడు ఆయన ప్రతిభను మనసార కొనియాడెను.

ఇక ఆయన జీవితమున ఫలింపని కోరిక నొకదానిని చెప్పవలసియున్నది. 1952వ సంవత్సరమున నాయుడుగారు ఇద్దరు కూర్చుండదగిన ఒక చిన్న పెట్రోలు కారును తయారుచేసిరి. దాని వెల రెండువేల రూపాయలు మాత్రమే. దిగుమతియగు కార్ల వెల అందుకు ఎన్నియో రెట్లుండిన కాలమది. మోటారు సైకిలు కొనుటకై యౌవనమున భోజనశాలలో పనిచేసిన మనుష్యుడు, సామాన్యుడు కొనదగిన కారును నిర్మింపదలచుట సహజమే. కాని కారులను విరివిగా తయారుచేయుటకు ప్రభుత్వపు లైసెన్సు కావలెను. 1951లో చేసిన పరిశ్రమల చట్టము ప్రకారము ముఖ్యమైన పరిశ్రమలకు అనుమతి తప్పనిసరి. నాయుడుగారి కారునకు ఆ అనుమతి లభింపలేదు. నిర్మాణము ఆగిపోయెను.

ఈ నష్టమెంతటిదో తెలియవలెనన్న, అదేకాలమున అమెరికా దేశమున జరిగినదానిని చూడవలెను. 1953 జనవరిలో న్యూయార్కు నగరమున జనరల్ మోటార్సు సంస్థ ఇద్దరు కూర్చుండదగిన క్రొత్త కారునొకదానిని ప్రదర్శించెను. దాని పేరు కార్వెట్. దాని పైకప్పడము ఇనుపరేకుతో గాక గాజునారతో చేయబడెను. ఆ యేడు తయారైనవి మూడువందలు మాత్రమే, అన్నియు తెల్లనివే. మొదట అది వేగమున అంత గొప్పది కాదు. మరుసటి సంవత్సరము తయారైన వానిలో పెక్కు అమ్ముడుపోక నిలిచిపోయెను. 1955లో ఏడువందలు మాత్రమే చేసిరి. ఆ కారు కథ అంతటితో ముగియునని పలువురు తలచిరి.

కాని అది ముగియలేదు. జోరా ఆర్కస్ డంటోవ్ అను ఇంజనీరు దాని లోపములను ఒక్కొక్కటే సవరింపబూనెను. ‘వి’ అను ఆంగ్లాక్షరపు ఆకారమున రెండు వరుసలుగా ఎనిమిది సిలిండర్లు అమర్చిన బలమైన యంత్రము దానికి చేరెను. పదేండ్ల పరిశ్రమ ఫలితముగా 1963లో వెలువడిన స్టింగ్ రే అను కార్వెట్ లోకమంతట పేరుపొందెను. టెక్సాస్ రాష్ట్రమున ఒకప్పుడు కోళ్ళు పెంచిన కారల్ షెల్బీ అను పందెగాడు 1962లో తేలికయైన ఇంగ్లీషు కారులో అమెరికను ఫోర్డు యంత్రమునమర్చి కోబ్రా అను వేగవాహనమును నిర్మించెను. 1964లో వెలువడిన పాంటియాక్ జి. టి. ఓ. కారు యంత్రము మూడువందల గుఱ్ఱముల బలమును మించినది. అదే సంవత్సరము ఏప్రిలులో ఫోర్డు సంస్థ ముస్టాంగ్ అను కారును విడుదల చేయగా, ఒక్క సంవత్సరములో నాలుగులక్షలకు పైగా అమ్ముడుపోయెను. చవుక పెట్రోలు, విశాలమైన రహదారులు, సంపాదన కల యువజనులు ఈ వేగవాహనములకు ఊతమైరి.

నేడు ఆ కార్లను కొందరు అమూల్యవస్తువులుగా సేకరించుచున్నారు. పాతబడిన వస్తువుల కన్నిటికి విలువ పెరుగదు. తక్కువ సంఖ్యలో తయారై, పుట్టుకతో వచ్చిన యంత్రము, భాగములు మారక, ఒక చరిత్ర కల వాహనమునకే గౌరవము. మొదటి యేటి మూడువందల కార్వెట్లను సేకర్తలు పెన్నిధులుగా చూతురు. 1963 నాటి స్టింగ్ రే వెనుక అద్దము నడుమ ఒక నిలువుపట్టీ ఉండెను. చూపునకు అడ్డమగుచున్నదని మరుసటి యేడు దానిని తీసివేసిరి. నాడు లోపమనిపించిన ఆ పట్టీయే నేడా కారునకు వెల తెచ్చుచున్నది.

ఈ కథలో మనము గమనింపవలసినది వేగము కాదు, వెల కాదు. కార్వెట్ మొదట తప్పటడుగులు వేసెను. కాని దానిని దిద్దుకొనుటకు నిర్మాతలకు వ్యవధి దొరకెను. నాయుడుగారి కారు మంచిదో చెడ్డదో రోడ్డుపై తేలవలసినది. కాని తప్పులు చేయుటకు గాని, దిద్దుకొనుటకు గాని దానికి అవకాశమే లేకపోయెను. ఆనాడు మన దేశము క్రొత్తగా స్వతంత్రమైనది. విదేశ ద్రవ్యము కొరతగానున్నది. ఉన్న కొలది వనరులను ఆచితూచి పంచవలెనని పాలకులు తలచిరి. ఆ ఆలోచన అర్థము లేనిది కాదు. అయినను దాని మూల్యమును దేశము చెల్లింపవలసివచ్చెను. 1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలో ఏటేట క్రొత్త కార్లు వెలువడుచుండగా, మన రోడ్లపై అంబాసిడరు, ఫియట్, స్టాండర్డు అను మూడు రకముల కార్లే ప్రధానముగా తిరిగెను. వానికొరకు కూడ జనులు సంవత్సరముల తరబడి వేచియుండవలసివచ్చెను. 1983 డిసెంబరులో మారుతి చిన్నకారు వెలువడు వరకు సామాన్య గృహస్థునకు కారు దూరపు కలగానే నిలిచెను.

అనుమతి రాలేదని నాయుడుగారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తాము కల్పించిన వస్తువులను, దేశదేశములనుండి తెచ్చిన యంత్రములను బాలురు కన్నులార చూచి నేర్చుకొనవలెనని ఆశించిరి. 1967లో కోయంబత్తూరులో వారి పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడెను. యంత్రమును దాచిపెట్టిన అది ఇనుపముద్ద. విప్పి చూపిన అది విద్య. నాయుడుగారి సేకరణకు ఇదియే ధర్మము. వారి అనంతరము వారి కుటుంబమువారు ఆ బాట విడువలేదు. 2015లో అదే నగరమున, అవినాశి రోడ్డులో, మోటారు కార్ల ప్రదర్శనశాల తెరువబడెను. మొట్టమొదటి బెంజి కారు నమూనా మొదలుకొని ఇరువదవ శతాబ్దపు వివిధ దేశముల కార్లు అచ్చట వరుసగా నిలిచియున్నవి. కారు చరిత్రయనగా ధనికుల విలాసముల చరిత్ర మాత్రమే కాదనియు, మానవుని బుద్ధిబలపు చరిత్రయనియు చూచువారికి బోధపడును.

నాయుడుగారు 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన, తమ ఎనుబది యేండ్ల వయస్సున దివంగతులైరి. అంతకు కొలది నెలల ముందే, 1973 అక్టోబరులో, పెట్రోలు కొరత యేర్పడి లోకమంతట దాని ధర పెరిగెను. అమెరికాలో గంపెడు పెట్రోలు త్రాగు బలమైన కార్ల కాలము తగ్గుముఖము పట్టెను. తక్కువ వెలతో, తక్కువ పెట్రోలుతో నడచు చిన్నకార్లకొరకు దేశములు వెదుకసాగెను. రెండువేల రూపాయల కారును ఇరువదియేండ్ల ముందే నిర్మించిన మనుష్యుడు ఆ మార్పును చివరివరకు చూడకయే కన్నుమూసెను.

ఆయన జీవితమున జయములు కలవు, అపజయములును కలవు. బొంబాయిలో సంపద పోయెను, కళాశాలలో ఆయన పద్ధతి చెల్లలేదు, కారు రోడ్డెక్కలేదు. అయినను ఆయన నేర్చిన విద్య యేనాడును ఆయనను విడువలేదు. బస్సుగా, మోటారుగా, కళాశాలగా, ప్రదర్శనశాలగా అది రూపములు మార్చుకొనుచునే యుండెను. 2025లో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై నిర్మింపబడిన పదికిలోమీటర్ల పొడవైన పైవంతెనకు జి. డి. నాయుడు పేరిడిరి. ఒకనాడు చేతిలో కాసులేక ఆ నగరమునకు వచ్చి భోజనశాలలో విస్తళ్ళెత్తిన పల్లెటూరి యువకుని పేర నేడు దినమునకు వేలకొలది వాహనములు సాగుచున్నవి.

బడి విడుచుటలో ఆయనను అనుసరింపరాదు. తెలియని దానిని తెలిసికొనువరకు విడువని పట్టుదలలో అనుసరింపవలెను. మన యింటనున్న కుట్టుమిషను, పొలమున నున్న పంపు, జిన్నింగు మిల్లులోని చక్రము, వీధిలో సాగు బస్సు, ఇవన్నియు ప్రశ్నించువానికి సమాధానము చెప్పుటకు సిద్ధముగా నున్నవి. వానిని వాడుకొనువారు కోట్లమంది కలరు. వాని గుట్టు తెలిసి, మరింత మేలుగా, మరింత చవుకగా, పదిమందికి అందునట్లు చేయగలవారే దేశమునకు కావలెను.